డ్రాఫ్ట్‌లో పేరు రాకపోయినా పదేళ్లు బాస్కెట్‌బాల్ మీద బతకడం ఎలా

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టులో 15 మామూలు కాంట్రాక్టులు, వాటికి తోడు 2023-24 నుంచి మూడు టూ-వే కాంట్రాక్టులు (ఎన్‌బీఏ జట్టుకూ, దాని కింది లీగ్ జట్టుకూ ఆడే రకం). అన్నీ కలిపితే 540 చోట్లు. వాటిలో చాలావరకు ముందే నిండి ఉంటాయి, పైగా ఏటా డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) నుంచి కొత్తవాళ్లు వచ్చి చేరతారు. అందుకే కాలేజీ ఆట ముగించి బయటికొచ్చే ఆటగాళ్లలో ఎక్కువమంది దారి జీ లీగ్ (ఎన్‌బీఏ కింది స్థాయి లీగ్), యూరప్, ఆసియా, లాటిన్ అమెరికా మీదుగా సాగుతుంది. ఆ దారిలో ఏటా జట్టు మారుతుంది, ఒక్కోసారి ఏడాదికి రెండుసార్లు మారుతుంది. జర్నీమ్యాన్ ఆటగాడంటే ఇతనే. ఇష్ స్మిత్‌ను 2010 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అయినా 13 వేర్వేరు ఎన్‌బీఏ జట్లకు ఆడి రికార్డు నెలకొల్పాడు. పదమూడో జట్టు డెన్వర్‌తో 2023లో ఛాంపియన్ కూడా అయ్యాడు.

ఇలా బతకాలనుకునేవాడు ఏ ఆఫర్ వచ్చినా మూడు సంగతులు చూసుకోవాలి. తర్వాతి జట్టు గమనించే పని ఇక్కడ చేతికొస్తుందా, ఒప్పుకున్న డబ్బు నిజంగా అందుతుందా, సీజన్ చివర ఒళ్లు బాగుండి బయటపడతామా? జీతం అంకె వీటి తర్వాతే. పూర్తిగా అందే 60 వేల డాలర్లు, మూడు నెలలిచ్చి ఆగిపోయే లక్షా ఇరవై వేల కన్నా మేలు.

ముందు మీ పని తేల్చుకోండి

కాలేజీలో సగటున 20 పాయింట్లు కొట్టినవాళ్లు ప్రతి జిమ్‌లోనూ ఉంటారు. జట్టు చివరి రెండు మూడు చోట్లకు వెతికేది మరో స్కోరర్‌ను కాదు. బంతి చేతిలో లేనప్పుడు పనికొచ్చేవాడు వాళ్లకు కావాలి. పీజే టక్కర్‌ను టొరంటో 2006లో 35వ ఎంపికగా తీసుకుని, 17 మ్యాచ్‌లు ఆడించి వదిలేసింది. అతను ఐదేళ్లు ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీల్లో ఆడాడు. 2008లో ఇజ్రాయెల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2012లో ఫీనిక్స్ పిలిచాక మాత్రం ఆట తీరు మార్చుకున్నాడు. ఎదుటి జట్టులో మేటి ఆటగాణ్ని కాయడం, కార్నర్‌లో నిలబడి త్రీ (దూరం నుంచి మూడు పాయింట్ల షాట్) కొట్టడం తన పనిగా పెట్టుకున్నాడు. ఆ పనితోనే 2021లో మిల్వాకీతో టైటిల్ గెలిచాడు.

మీ పనిని ఒక్క వాక్యంలో రాసి చూసుకోండి. "ఎదుటి పాయింట్ గార్డును కోర్టు పొడవునా వెంటాడతాను, బంతి పోగొట్టను, ఖాళీగా వదిలితే త్రీ కొడతాను" అన్నంత స్పష్టంగా ఉండాలి. కోచ్‌లకు పంపే వీడియో కూడా ఆ వాక్యాన్నే చూపించాలి. నాలుగు నిమిషాలు మించని క్లిప్పులు పెట్టండి. మొదటి నిమిషం డిఫెన్స్, తర్వాత మీ పాత్రకు చెందిన షాట్లు, డంకులు చివర్లో. దానికి తోడు బలమైన జట్ల మీద ఆడిన రెండు పూర్తి మ్యాచ్‌ల లింకులు జత చేయండి. క్లిప్పులు చూసి పేరు రాసుకునే కోచ్, సంతకానికి ముందు పూర్తి మ్యాచ్ చూస్తాడు. మీకు బంతి రాని ఆరేడు పొసెషన్లలో, అంటే బంతి మీ జట్టు దగ్గరున్న వంతుల్లో, మీరేం చేస్తున్నారో అందులోనే తెలుస్తుంది.

ఏజెంటు

ఎన్‌బీఏ కాంట్రాక్టు మాట్లాడాలంటే ఆటగాళ్ల సంఘం గుర్తింపు ఉన్న ఏజెంటు కావాలి. విదేశాలకైతే ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా లైసెన్సు ఉండాలి. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర ఉండకపోవచ్చు, అందుకే అమెరికా ఏజెంటు ఒక్కో దేశంలో అక్కడి ఏజెంటుతో కలిసి పనిచేసి ఫీజు పంచుకుంటాడు. ఎన్‌బీఏలో కమిషన్ 4 శాతానికి మించకూడదు, కనీస జీతమైతే 2 శాతమే. యూరప్‌లో మామూలుగా 10 శాతం దాకా ఉంటుంది, దాన్ని జీతం నుంచి కోయకుండా క్లబ్బే విడిగా చెల్లిస్తుంది. ఈ మాట కాంట్రాక్టులో రాసి ఉండాలి.

సంతకానికి ముందు ఏజెంటును అడగాల్సింది: గత సీజన్‌లో నా స్థాయి ఆటగాళ్లను ఏ క్లబ్బులకు పంపావు, వాళ్లలో ఎంతమందికి జీతం పూర్తిగా వచ్చింది, రాని వాళ్ల కోసం ఏం చేశావు? జవాబులో క్లబ్బుల పేర్లు రాకపోతే ఆ ఏజెంటును వదిలేయండి. ఇద్దరు ముగ్గురు ఏజెంట్లకు ఒకేసారి మాటివ్వడం కూడా ప్రమాదమే. ఒకే క్లబ్బుకు మీ పేరు మూడు ధరలతో వెళ్తే క్లబ్బు తక్కువ ధర పట్టుకుంటుంది, లేదా మీ పేరే పక్కన పెట్టేస్తుంది.

అమెరికాలో ఉండాలా, బయటికి వెళ్లాలా

2023-24 అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. జీ లీగ్ మామూలు కాంట్రాక్టు సీజన్ మొత్తానికి 40,500 డాలర్లు, వసతి, ఆరోగ్య బీమా. టూ-వే కాంట్రాక్టు సుమారు 5,60,000 డాలర్లు. ఎన్‌బీఏలో ఎప్పుడూ ఆడని ఆటగాడికి పది రోజుల కాంట్రాక్టు ఒక్కటే సుమారు 64,000 డాలర్లు. జీ లీగ్‌లో సీజనంతా ఆడితే వచ్చే దానికన్నా ఎన్‌బీఏలో పది రోజులకు వచ్చేదే ఎక్కువ. అంత తక్కువ జీతానికి అంతమంది మంచి ఆటగాళ్లు జీ లీగ్‌లో ఆడటానికి కారణం ఇదే.

పది రోజుల కాంట్రాక్టులు జనవరి 5 నుంచి మొదలవుతాయి. పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు సాగుతుంది. ఒకే జట్టు ఒక సీజన్‌లో ఒక ఆటగాడికి ఇలాంటివి రెండే ఇవ్వగలదు. ఆ తర్వాత సీజన్ చివరిదాకా తీసుకోవాలి, లేదా వదిలేయాలి. మామూలు కాంట్రాక్టుల్లో గ్యారంటీ లేనివి జనవరి 10న గ్యారంటీ అవుతాయి. వెయివర్స్ (తీసేసిన ఆటగాణ్ని మిగతా జట్లు తీసుకునే వ్యవధి) దాటడానికి 48 గంటలు పడుతుంది కాబట్టి, వద్దనుకున్న వాళ్లను జట్లు జనవరి 7 నాటికే తీసేస్తాయి. ఆ వారంలో చోట్లు ఖాళీ అవుతాయి. ఫిబ్రవరిలో ట్రేడ్ (జట్లు ఆటగాళ్లను మార్చుకునే) గడువు ముగిశాక మళ్లీ ఖాళీ అవుతాయి, ఎందుకంటే 14 మందికి తగ్గిన జట్టు రెండు వారాల్లోపు ఆ చోటు నింపాలి. డిసెంబర్ చివరి నుంచి మార్చి మొదటి దాకా ఫోన్ దగ్గర పెట్టుకుని, పాస్‌పోర్టుతో, సర్దిన బ్యాగుతో ఉండాలి. టొరంటో కెనడాలో ఉంది కదా.

పిలుపు వస్తే మొదటి 24 గంటల్లో ప్లే బుక్ (జట్టు ఎత్తుల పుస్తకం) మొత్తం నేర్చుకోవాలని చూడకండి. నేర్చుకోలేరు. పిక్ అండ్ రోల్‌కు (తోటి ఆటగాడు అడ్డు నిలిచి దారి ఇచ్చే ఎత్తు) ఆ జట్టు వాడే కవరేజీల, అంటే కాచే పద్ధతుల పేర్లు, సైడ్ లైన్ నుంచి బంతి వేసే ప్లేలు, టైమ్ అవుట్ తర్వాత ఎక్కువగా ఆడే నాలుగైదు సెట్లు, ఈ మూడూ పట్టుకోండి. వాటిలో రెండు స్థానాల నుంచి మీరెక్కడ నిలబడాలో తెలిస్తే కోచ్ మిమ్మల్ని ధైర్యంగా దింపుతాడు. భారతీయ మూలాలున్న తొలి ఎన్‌బీఏ ఆటగాడు సిమ్ భుల్లర్ 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటోకు ఆడింది కూడా ఇలాంటి పది రోజుల కాంట్రాక్టు మీదే.

టూ-వే ఆటగాడు ఎన్‌బీఏ జట్టుతో 50 మ్యాచ్‌ల దాకా ఆడొచ్చు, ప్లేఆఫ్స్ ఆడకూడదు. ఎగ్జిబిట్ 10 అనేది శిక్షణ శిబిరానికి ముందు వచ్చే కాగితం. గ్యారంటీ ఉండదు. శిబిరంలో తీసేశాక ఆ జట్టు జీ లీగ్ అనుబంధ జట్టులో 60 రోజులుంటే బోనస్ వస్తుంది. 2023-24లో దాని గరిష్ఠం 75,000 డాలర్లు. నలభయ్యో రోజున యూరప్ ఆఫర్ చూసి వెళ్లిపోతే బోనస్ పోతుంది. అందుకే ఆ ఆఫర్‌ను, వదులుకునే బోనస్‌తో పాటు మిగిలిన జీ లీగ్ జీతాన్ని కూడా కలిపి పోల్చాలి.

రెండు సీజన్లు జీ లీగ్‌లో ఆడినా పది రోజుల పిలుపు ఒక్కటీ రాకపోతే బయటికి వెళ్లడమే సరైన పని. ఆండ్రే ఇంగ్రామ్ పది సీజన్లు అక్కడే ఆడి, మధ్యలో లెక్కల ట్యూషన్లు చెప్పుకుని, 32 ఏళ్ల వయసులో 2018 ఏప్రిల్‌లో ఎన్‌బీఏ జట్టు లేకర్స్ తరఫున తొలి మ్యాచ్‌లోనే 19 పాయింట్లు కొట్టాడు. చూసిన ప్రతివాళ్ల గుండె నిండింది. కానీ ఇంటి అద్దె కట్టుకోవాల్సినవాడు ఆ పిలుపు మీద లెక్క వేసుకోకూడదు.

విదేశీ కాంట్రాక్టు చదవడం

ఈ దారిలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి ప్రతి మాటా చదవాలి.

మొదట డబ్బు. యూరప్‌లో జీతం నికరంగా, అంటే పన్ను క్లబ్బే కట్టాక చేతికొచ్చే మొత్తంగా మాట్లాడతారు. "నికరం" అన్న మాటతో పాటు ఏ కరెన్సీలో అన్నదీ ఉండాలి. స్థానిక కరెన్సీ విలువ పడిపోయే దేశాల్లో డాలర్ లేదా యూరో తప్ప ఒప్పుకోవద్దు. వాయిదాల తేదీలు ఒక్కొక్కటీ రాయించుకోండి. లక్ష డాలర్ల కాంట్రాక్టయితే వైద్య పరీక్ష అయిన రోజు 10 వేలు, ఆపైన తొమ్మిది నెలలు ప్రతి 15వ తేదీకి 10 వేల చొప్పున. చివర్లో పెద్ద మొత్తం పెట్టే క్లబ్బుతో జాగ్రత్త. సీజన్ ఓడిపోయాక ఆ చివరి వాయిదాయే ఎగ్గొట్టేది.

తర్వాత వైద్య పరీక్ష. దిగిన 48 లేదా 72 గంటల్లో చేయాలనీ, ఆ గడువులో క్లబ్బు లిఖితంగా అభ్యంతరం చెప్పకపోతే పాసైనట్టేననీ రాసి ఉండాలి. పరీక్ష అయ్యేదాకా స్క్రిమ్మేజ్ (ప్రాక్టీసు మ్యాచ్) ఆడకండి. "ఊరికే కాసేపు ఆడు, కోచ్ చూస్తాడు" అంటారు. అప్పుడు మడమ మెలిపడితే పరీక్షలో ఫెయిల్ చేసి టికెట్ చేతిలో పెడతారు, పైసా రాదు. పాత గాయాల ఎమ్మారై స్కాన్లన్నీ మీ దగ్గరే పెట్టుకోండి. మోకాలి పాత మచ్చను కొత్త గాయమని చూపి బేరం తగ్గించే ఎత్తుకు అదే జవాబు.

మూడోది గ్యారంటీ. ఆట బాగాలేదనో, గాయమైందనో తీసేసినా మిగతా జీతం ఇవ్వాలని స్పష్టంగా ఉండాలి. కొన్ని కాంట్రాక్టుల్లో మొదటి నెల ట్రయల్ అని ఉంటుంది. వేరే గతి లేక ఒప్పుకోవాల్సి వస్తే, ఆ నెల జీతం, తిరుగు టికెట్, తీసేసిన రోజే క్లియరెన్స్ లేఖ (మరో దేశంలో ఆడేందుకు అనుమతి) ఇస్తామన్న మాట రాయించుకోండి.

నాలుగోది ఆలస్యం. వాయిదా 10 లేదా 15 రోజులు దాటితే ప్రాక్టీసు మానే హక్కు, 30 రోజులు దాటితే కాంట్రాక్టు రద్దు చేసుకుని మిగతా జీతమంతా అడిగే హక్కు ఉండాలి. ఈ హక్కు వాడేముందు లిఖిత నోటీసు పంపాలన్న షరతు కూడా తరచుగా ఉంటుంది. నోటీసు పంపకుండా కోపంతో విమానం ఎక్కితే తప్పు మీదవుతుంది.

కొన్ని క్లబ్బులు జీతాన్ని రెండు కాగితాలుగా విడగొడతాయి. ఒకటి క్లబ్బుతో, రెండోది ఇమేజ్ హక్కుల (మీ పేరు, ఫోటో వాడుకునే హక్కు) పేరిట మరో కంపెనీతో. రెండో కాగితంలో ఉన్న డబ్బుకు కూడా క్లబ్బే పూచీ అని, వివాదం వస్తే అదే మధ్యవర్తిత్వమని రెండింటిలోనూ రాసి ఉండాలి. లేకపోతే జీతంలో సగం ఎవరినీ అడగలేని చోట ఇరుక్కుంటుంది.

మిగతావి చిన్నవే, కానీ రోజూ కావాల్సినవి: ఇంటర్నెట్, వాషింగ్ మెషిన్ ఉన్న ఫ్లాటు, కరెంటు బిల్లులు ఎవరు కడతారు, కారు, రెండు రానుపోను టికెట్లు, సీజన్ తర్వాత కూడా గాయానికి చికిత్స ఇచ్చే బీమా, కాంట్రాక్టు ముగిశాక ఇల్లు ఖాళీ చేయడానికి కనీసం వారం గడువు. ఎన్‌బీఏ ఆశ ఉంటే ఫలానా తేదీ దాకా ఎన్‌బీఏ పిలుపు వస్తే వెళ్లొచ్చన్న క్లాజు, అప్పుడు క్లబ్బుకు కట్టాల్సిన బై అవుట్ మొత్తం కూడా.

డబ్బు ఆగితే

ఫీబా నీడలో ఒక మధ్యవర్తిత్వ మండలి ఉంది. 2007లో మొదలైంది, 2011 నుంచి బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ అంటున్నారు, పొట్టిగా బ్యాట్. దాని స్థానం జెనీవా, భాష ఇంగ్లిష్, ఒక్క మధ్యవర్తి, తీర్పు ఏ దేశ చట్టానికీ కట్టుబడకుండా న్యాయం, సబబు చూసి ఇస్తారు. ఆ తీర్పును లెక్కచేయని క్లబ్బు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫీబా నిషేధించగలదు. క్లబ్బులు భయపడేది దానికే. అయితే కాంట్రాక్టులో బ్యాట్ క్లాజు లేకపోతే ఈ తలుపు తెరుచుకోదు. స్థానిక కోర్టు అని రాసి ఉంటే మార్పించండి. బ్యాట్ తీర్పులు చాలావరకు బహిరంగంగానే ప్రచురిస్తారు. సంతకానికి ముందు ఆ క్లబ్బు పేరు అందులో వెతకండి. ఐదు నిమిషాల పని, ఒక సీజన్ జీతాన్ని కాపాడుతుంది.

సాక్ష్యాలు మొదటి రోజు నుంచే పోగుచేయాలి. రెండు వైపులా సంతకాలున్న కాంట్రాక్టు కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్లు, క్లబ్బుతో జరిగిన మెయిళ్లు, నోటీసు పంపిన తేదీ. మేనేజర్ నోటితో ఇచ్చిన మాటను అదే సాయంత్రం మెయిల్లో రాసి పంపండి.

అన్నిటికన్నా ఎక్కువమందిని ముంచే ఉచ్చు ఇది: క్లబ్బు వెళ్లిపొమ్మంటుంది, "ఇక బాకీలేమీ లేవు" అన్న కాగితం మీద సంతకం పెడితేనే క్లియరెన్స్ లేఖ ఇస్తామంటుంది. ఒక దేశపు ఫెడరేషన్ నుంచి మరో దేశానికి మారేటప్పుడు ఆ లేఖ తప్పనిసరి, నిజమే. కానీ ఆటగాడు ఇంకా కాంట్రాక్టులో ఉన్నాడన్న కారణం తప్ప మరే కారణంతోనూ దాన్ని ఆపకూడదు. ఫెడరేషన్ ఏడు రోజుల్లో జవాబివ్వకపోతే ఫీబాయే నిర్ణయిస్తుంది. కాబట్టి డబ్బు ఖాతాలో పడకముందు బాకీ మాఫీ చేసే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఆట కూడా వేరే

ఫీబా మ్యాచ్ 40 నిమిషాలు, ఐదు ఫౌళ్లతో బయటికి. ఎన్‌బీఏలో 48 నిమిషాలు, ఆరు ఫౌళ్లు. త్రీ గీత ఎన్‌బీఏలో 7.24 మీటర్లు, ఫీబాలో 6.75. గీత దగ్గరైంది కదా అని సంబరపడేవాళ్లు అసలు తేడా మర్చిపోతారు. ఫీబాలో డిఫెన్సివ్ మూడు సెకన్ల నియమం (ఎవర్నీ కాయకుండా రిమ్ ముందు మూడు సెకన్లకు మించి నిలబడకూడదన్నది) లేదు. ఎదుటి జట్టు సెంటర్ రిమ్ కింద కదలకుండా నిలబడొచ్చు. కాలేజీలో ఒక్క అడుగుతో రిమ్ దాకా దూసుకుపోయిన గార్డు ఇక్కడ గోడకు గుద్దుకుని ఛార్జింగ్ ఫౌళ్లు తెచ్చుకుంటాడు. మొదటి నెలలో ఫ్లోటర్ (ఎత్తుగా తేలేసే షాట్), పుల్ అప్ జంపర్ (పరుగు ఆపి ఎగిరి కొట్టే షాట్) సాధన చేయాలి. ఇంకొకటి, షాట్ రిమ్‌కు తగిలాక బంతి రిమ్ పైన ఉన్నా తాకొచ్చు. పెద్ద ఆటగాళ్లు ఇది అలవాటు చేసుకుంటే మ్యాచ్‌కు ఒకటి రెండు బుట్టలు ఉచితం. టైమ్ అవుట్ కోచ్ అడగాలి, ఆటగాడికి ఆ హక్కు లేదు. వారానికి ఒకటి రెండు మ్యాచ్‌లే ఉన్నా రోజుకు రెండు ప్రాక్టీసులుంటాయి. జపాన్ బీ లీగ్‌లో దీనికి తలకిందులు: వారాంతంలో ఒకే జట్టుతో వరుసగా రెండు రోజులు ఆడతారు, రెగ్యులర్ సీజన్ 60 మ్యాచ్‌లు.

విదేశీ ఆటగాడి మీద అంచనా వేరుగా ఉంటుంది. జట్టు ఓడితే ముందు మార్చేది అతన్నే. మొదటి నాలుగైదు మ్యాచ్‌లు అలవాటు పడే సమయం అనుకోకండి. సీజన్‌కు కనీసం మూడు వారాల ముందే చేరేలా బేరం పెట్టుకోండి.

క్యాలెండర్ అతికించడం

ఏడాదికి ఒకే జీతం సరిపోకపోతే ఒకదాని తర్వాత ఒకటి వచ్చే సీజన్లున్న లీగులు కలపాలి. ఆస్ట్రేలియా ఎన్‌బీఎల్ తర్వాత న్యూజిలాండ్ లీగ్ బాగా అతుకుతుంది. యూరప్ లేదా చైనా తర్వాత ప్యూర్టోరికో ఉంది, అది మార్చి నుంచి వేసవి చివరిదాకా సాగుతుంది. కెనడా సీఈబీఎల్ మే నుంచి ఆగస్టు దాకా. ఫిలిప్పీన్స్ పీబీఏలో విదేశీయులను అనుమతించే టోర్నమెంటుకో విదేశీ ఆటగాణ్ని తీసుకుంటారు, కొన్నింట్లో ఎత్తుకు పరిమితి ఉంటుంది. మన దేశంలో 2025లో జరిగిన ఐఎన్‌బీఎల్ ప్రో అండర్-25 లీగ్‌లో హైదరాబాద్ ఫాల్కన్స్ ఆడింది, విదేశీ ఆటగాళ్లకూ అక్కడ చోటు దొరికింది. కానీ రెండు సీజన్లు అతికించిన ఏడాది తర్వాత కనీసం ఆరు వారాలు పోటీ ఆట లేకుండా గడపండి. ఎడతెగని ఆటలో మొదట పోయేది పిక్క, తర్వాత మోకాలు. గాయంతో సంతకం చేయలేకపోయిన వేసవి, అదనంగా సంపాదించిన మూడు నెలల జీతాన్నీ మింగేస్తుంది.

ఉద్యోగాల మార్కెట్ కూడా అలలుగా వస్తుంది. జూలైలో యూరప్ మొదటి అల, లాస్ వేగాస్ సమ్మర్ లీగ్ ముగిశాక రెండోది, అక్టోబర్‌లో ఎన్‌బీఏ శిబిరాల కోతల తర్వాత మూడోది, డిసెంబర్, జనవరిలో గాయపడ్డవాళ్ల చోట్లకు నాలుగోది. సెప్టెంబర్ మొదటికల్లా ఆఫర్ రాకపోతే ధర తగ్గించుకుని వెళ్లడం కన్నా నాలుగో అలకు ఒళ్లు సిద్ధంగా ఉంచుకోవడం చాలాసార్లు లాభం. అప్పుడు క్లబ్బుకే తొందర.

పన్ను, వీసా

అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఎక్కడ సంపాదించినా అమెరికాలో రిటర్న్ వేయాలి. విదేశీ సంపాదనకు మినహాయింపు ఉంది, 2024కు 1,26,500 డాలర్ల దాకా. కానీ దానికి మామూలుగా పన్నెండు నెలల్లో 330 రోజులు అమెరికా బయట ఉండాలి. వేసవిలో రెండు నెలలు ఇంటికొచ్చేవాడికి ఆ లెక్క కుదరదు. అప్పుడు మిగిలేది విదేశంలో కట్టిన పన్నుకు క్రెడిట్. అది కావాలంటే క్లబ్బు మీ పేరిట నిజంగా పన్ను కట్టిందన్న ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రం ఫలానా తేదీలోగా ఇవ్వాలని కాంట్రాక్టులోనే రాయించుకోండి. సీజన్ అయ్యాక అడిగితే ఫోన్ ఎత్తరు.

భారత పాస్‌పోర్టుతో ఆడేవాళ్లకు యూరప్‌లో విదేశీ కోటాలోనే చోటు. అదే కోటా కోసం అమెరికన్లూ పోటీ పడతారు. అందుకే తక్కువ విభాగాల్లో మొదలుపెట్టడం, ఆసియా లీగులు చూడటం మంచిది. పని వీసాకు వారాలు పడుతుంది కాబట్టి సంతకమైన రోజే క్లబ్బు నుంచి వర్క్ పర్మిట్ కాగితాలు అడగాలి. టూరిస్టు వీసా మీద వచ్చి ఆడమనే క్లబ్బుకు వెళ్లకండి. అక్కడ జీతం ఆగినా మీరు ఫిర్యాదు చేయలేరని వాళ్లకు తెలుసు. గతంలో ఇక్కడ నమోదై ఆడి ఉంటే క్లియరెన్స్ లేఖ భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య నుంచి రావాలి. ఆ అభ్యర్థనను కొత్త దేశపు ఫెడరేషన్ పంపుతుంది, మీరు కాదు. పంపారో లేదో క్లబ్బు మేనేజర్‌ను రెండు రోజులకోసారి అడుగుతూ ఉండండి. ఆ లేఖ అందక లైసెన్సు రాకపోతే, వైద్య పరీక్ష పాసై, ప్లేలన్నీ నేర్చుకుని కూడా మొదటి మ్యాచ్ గ్యాలరీలో కూర్చుని చూడాల్సి వస్తుంది.